చేపలేని తొట్టి

చేపపిల్లకు ఈత నేర్పవలెనా అని పెద్దలందురు. నేర్పనక్కరలేదు. కాని అది ఈదవలసిన నీటిని సమకూర్చుట మాత్రము మనము నేర్చుకొనక తప్పదు. ఉప్పునీటి చేపలను గాజుతొట్టిలో పెంచవలెనను ఉత్సాహము మన విద్యార్థులలో కొందరికి కలిగినది. చెన్నపట్టణమున సముద్రము వాకిటనే యున్నది గనుక ఇది సులభమైన పని యని తల్లిదండ్రులు తలచుటయు సహజమే. తొట్టిని, చేపను ఒకేనాడు కొని తెత్తురు. రెండు మూడు వారములలో చేప చచ్చును. వచ్చు ఆదివారము వేరొకటి వచ్చును. ఒక ప్రాణము పోయినచో మరియొకటి కొనవచ్చునని బిడ్డకు నేర్పు ఈ పద్ధతిని మేము ఒప్పుకొనజాలము. తొట్టి అమర్చిన పిదప నెలన్నర వరకు దానిలో చేప ఉండరాదని మా అభిప్రాయము.

ఏలయన, చేప విసర్జించు మలినమునుండియు, మిగిలిన మేతనుండియు అమ్మోనియా పుట్టును. అది విషము. సముద్రమున అది అపారజలములలో కలిసిపోవును. వంద లీటర్ల తొట్టిలో పోవుటకు చోటు లేదు. ఒక రకపు సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మార్చును, అదియు విషమే. మరియొక రకము దానిని నైట్రేట్‌గా మార్చును. ఇది అంతగా హాని చేయదు, అప్పుడప్పుడు కొంత నీరు మార్చినచో తగ్గును. ఈ సూక్ష్మజీవులు ఇసుకలోను, రాళ్లపైనను నెమ్మదిగా వృద్ధి పొందవలెను. పాలు తోడుకొనుటకు ఒక రాత్రి చాలును. ఈ తోడుకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఆ దినములలో చిటికెడు మేత మాత్రము నీటిలో వేయుచుండవలెను. బాగుగా నడచుచున్న పాత తొట్టినుండి ఒక రాయి తెచ్చి వేసినచో, పాలలో మజ్జిగచుక్క వేసినట్లు, పని కొంత త్వరపడును. మంచినీటి తొట్టికిని ఈ క్రమము కలదు. కాని సముద్రజలమునకు క్షారగుణ మెక్కువ. అట్టి నీటిలో అమ్మోనియా మరింత తీవ్రమైన విషమగును. కొళత్తూరు అంగళ్లలో రంగుచేపలు కొని మంచినీట పెంచినవారి అనుభవము ఇచ్చట చాలకపోవుటకు ఇది యొక కారణము.

సముద్రపు నీటినే బిందెలతో తెచ్చి పోయరాదా యని కొందరడిగిరి. మెరీనాకు ఒక ప్రక్క కూవము, మరియొక ప్రక్క అడయారు సముద్రమున పడుచున్నవి. నగరపు మురుగును మోసికొని వచ్చుచున్నవి. ఈశాన్య ఋతుపవనపు వానలలో తీరజలమున ఉప్పదనమును తగ్గును. కావున శుద్ధిచేసిన మంచినీటిలో సముద్రలవణముల మిశ్రమమును కొలిచి కలుపుటయే మేలు. వంటయింటి ఉప్పు పనికిరాదు. సముద్రమున మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగువాని లవణములును కలవు. 1854లో గాస్ అను ఆంగ్ల ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఇట్లే లవణములు కలిపి కృత్రిమ సముద్రజలమును తయారుచేసెను. సముద్రమునకు దూరమైనవారి కొరకు ఆయన చెప్పిన ఉపాయము, సముద్రపుటొడ్డున నున్న మనకు అవసరమగుట వింతయే!

ప్రారంభకులను ఎక్కువగా మోసగించునది ఎండ. లీటరు సముద్రజలమున సుమారు 35 గ్రాముల లవణములుండును. వంద లీటర్లకు 3,500 గ్రాములు. నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. రోజుకు లీటరు చొప్పున తగ్గిన నీటిని ఉప్పునీటితోనే నింపినచో పది దినములలో 350 గ్రాములు చేరి, లీటరుకు 38.5 గ్రాములగును. ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ లెక్కను నిమిషములో చేయగలడు. తొట్టిముందు నిలిచినప్పుడు మాత్రము మరచును. ఆవిరియైన నీటికి బదులు మంచినీరే పోయవలెను. మే నెలలో నీటిని చల్లబరచుటకు ఫ్యాను పెట్టినచో ఆవిరి ఇంకను హెచ్చును.

చేపలేని తొట్టిని చూచి పిల్లలేమి నేర్చుకొందురని ఒక తండ్రిగారు ప్రశ్నించిరి. చాల నేర్చుకొందురు. కొలది వారములలో రాళ్లపై గోధుమరంగు పొర పట్టును. తొట్టి చెడినదని ఇంటివారందురు. చెడలేదు, అవి డయాటములను సూక్ష్మ జీవులు. అమ్మోనియా పెరిగి తగ్గును, దాని వెనుక నైట్రైట్ పెరిగి తగ్గును. పరీక్షలో రెండును సున్న అయినవని పుస్తకమున వ్రాసికొన్న నాడు ఆ విద్యార్థి రసాయనశాస్త్రమున ఒక పాఠమును కంటితో చూచినవాడగును. ఉప్పు పొట్లముపై ఆంగ్లము, అంగడిలో తమిళము ఉండవచ్చును. ఆ పుస్తకము మాత్రము తెలుగున ఉండవలెనని మా కోరిక. లవణీయత, సాంద్రత అను మాటలు పరీక్షకై వల్లించుటకే కాదు, నిత్యము వాడుకొనుటకును పనికివచ్చునని మన పిల్లలే ఎరుగుదురు గాక.

సముద్రపు చేపలను చూచి ఆనందించుటయే కోరిక యైనచో అదియు మంచిదే. మెరీనా తీరమున 1909లో సముద్రజీవుల ప్రదర్శనశాల తెరవబడినది. 1942లో యుద్ధభయమున అది మూతపడినది. నేడు ఈస్టుకోస్టు రోడ్డున 2019లో తెరచిన పెద్ద ప్రదర్శనశాల కలదు; పిల్లలను అచ్చటికి తీసికొనిపోవచ్చును. చూచుట వేరు, పోషించుట వేరు.

పోషింప దలచినవారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. సముద్రగుర్రములను, పగడపు జీవులలో అనేకములను 2001లో ప్రభుత్వమువారు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. వానిని పట్టుటయు, అమ్ముటయు నేరము. అందముగా నున్నవని ఎవరు చూపినను కొనరాదు. నారింజరంగుపై తెల్లచారలు గల క్లౌన్ చేపలను తొట్టెలలోనే పొదిగించి పెంచు విధానమును మన దేశపు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించియున్నారు. సముద్రమునుండి పట్టి తెచ్చినదానికంటె అట్లు తొట్టిలో పుట్టిన చేప తొట్టిబ్రతుకునకు అలవాటు పడియుండును. ప్రారంభకులకు అదియే తగినది.

ఇక మన పాఠశాలలో తొట్టి పెట్టుట. దసరాకు, సంక్రాంతికి తలుపులు మూయబడును. ఆ దినములలో మంచినీరు పోయుటకు ఎవరు వత్తురు? కరెంటు పోయినచో బ్యాటరీ పంపును ఎవరు తగిలింతురు? ఆ పేర్లు పుస్తకపు మొదటి పుటలో వ్రాసిన పిదప చేపను గూర్చి మాటలాడుదము.