పుస్తకమునకు వంతు



విశ్వవిద్యాలయమున చేరినది మొదలు పుస్తకము చదువుట మానితినని చెప్పు స్త్రీలు మన ప్రాంతమున తఱచుగా కనబడుచున్నారు. చదువుకొఱకు చేరి చదువు మానుట యేమని వినువారికి చిత్రముగా తోచవచ్చును. వారి దినచర్య నెఱిగినవారి కిందు చిత్రమేమియు లేదు. తెల్లవాఱకమునుపే పొయ్యి, పిల్లల భోజనపు డబ్బాలు, బస్సు, తరగతులు, సాయంకాలము మరల వంట, రాత్రి పరీక్షకు వ్రాసికొనవలసిన ప్రశ్నలు. పెండ్లికి ముందు నిద్రమాని కావ్యములు చదివిన పిల్ల తెలుగు ఎం.ఏ. లో చేరి, పాఠ్యక్రమమున లేని పుస్తకమును ముట్టి యేడాది దాటినదని చెప్పుచున్నది.

ఇందు రెండు చదువులు కలవు. ఒకటి పరీక్ష కొఱకు, రెండవది మనసు కొఱకు. ఇంటివారు మొదటిదానిని మన్నింతురు. రేపు పరీక్షయన్నచో అత్తగారు తన కాఫీ తానే కలుపుకొందురు. ఆ కోడలి చేతనే కథల పుస్తకము కనబడెనా, “తీఱికగా నున్నావు గదా, ఆ బియ్యము కాస్త బాగుచేయు” మందురు. ఈ లోపము అత్తలది మాత్రమే కాదు. మనమును అట్లే యెంచుచున్నాము. ఇష్టమైన పుస్తకమును పనులన్నియు తీఱిన పిదప మిగిలెడి కాలమునకని అట్టిపెట్టుదుము. ఇంటిపని తీఱుట యెన్నడు?

డెల్టాలో పుట్టినవారికి నీటి సంగతి చెప్పనక్కఱలేదు. బెజవాడకడ 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957 నుండి దాని పని ప్రకాశం బ్యారేజి చేయుచున్నది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ ఇచటినుండియే సాగును. ఎగువ రైతులు తమ యిష్టము వచ్చినట్లు నీరు పెట్టుకొన్నచో సముద్రము చేరువనున్న శివారు చేలకు చుక్కయైనను చేరదు. అందువలననే కొఱత కాలమున వంతులు పెట్టుదురు. “అందఱకును చాలిన పిమ్మట మిగిలినది నీకిత్తు” మని శివారు రైతుతో ననుట, ఇయ్యమని చెప్పుటయే. మన సొంత చదువు అట్టి శివారు చేను. ఇల్లును, విశ్వవిద్యాలయమును దానికి ఎగువన నున్నవి. కావున దానికి కావలసినది మిగులు కాదు, వంతు.

పరీక్షలేని చదువు వలన నేమి ఫలమని యడుగువారికి భండారు అచ్చమాంబగారి చరిత్ర చెప్పవలెను. ఆమె 1874లో నేటి ఎన్టీఆర్ జిల్లాలోని పెనుగంచిప్రోలున జన్మించెను. బాల్యముననే వివాహమైనది. తమ్ముడైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తన యింట నుండి చదువుకొనుచుండగా ఆయన వలన తెలుగు, హిందీ నేర్చి, తరువాత మఱికొన్ని భాషలను కూడ అభ్యసించెను. కన్నబిడ్డలిద్దఱను పోగొట్టుకొనియు పుస్తకమును విడువలేదు. స్త్రీల చరిత్రలను సేకరించి “అబలా సచ్చరిత్ర రత్నమాల” రచించెను. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించెను. 1905లో, ముప్పది యేండ్ల ప్రాయమున కాలము చేసెను. ఆమె చదువునకు పట్టము లేదు, జీతము లేదు. అయినను మన స్త్రీల చరిత్ర వ్రాయబూనినవారెవరును నేటికిని ఆమె పేరు తలపక సాగలేరు.

పట్టములు అక్కఱలేదని నా యభిప్రాయము కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1926లో ఏర్పడినప్పుడు దాని కేంద్రము మన బెజవాడయే; అది తరువాత వాల్తేరునకు తరలినది. అచ్చట చదువ వచ్చిన దుర్గాబాయమ్మగారికి స్త్రీలకు వసతిగృహము లేదని తెలిసెను. ఆమె నిరాశతో మరలిపోక, తనవలెనే చదువగోరు బాలికలను కూడగట్టి వసతి తానే యేర్పఱచెను. 1939లో పట్టము పొంది, 1942లో న్యాయశాస్త్ర పరీక్షయందును కృతార్థురాలై, రాజ్యాంగసభలో సభ్యురాలాయెను. పట్టుదల ఆమెకు మెండుగనే యున్నది. అయినను ఉండుటకు చోటు లేనిదే చదువు సాగలేదు. నేడు కోడలు చదువుకొనవచ్చునని అనుమతించి, ఆమె పనిలో ఒక చెంబెడు నీళ్లయినను ఎత్తని యిల్లు, వసతి లేని విశ్వవిద్యాలయము వంటిది.

దూరమను చిక్కు మునుపటంత లేదు. నాగార్జున విశ్వవిద్యాలయము 1976లో మన చెంతనే వెలసినది. 1982లో హైదరాబాదున దేశమునకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడి, ఇంటనుండి చదువు మార్గమును చూపినది. 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చినది. పుస్తకమే పాఠకురాలి కడకు వచ్చుటయు మనకు క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణ కాలువపై పడవలో గ్రంథాలయమును నడపి ఒడ్డునగల పల్లెలకు పుస్తకములు చేర్చిరి. నేడు సెల్‌ఫోనులోనే గ్రంథములు లభించుచున్నవి. చోటు దగ్గఱయైనది, పుస్తకము చేతికి వచ్చినది. కాలమే చేతికి రాలేదు.

కావున నాకు తోచిన మార్గము మనవి చేయుచున్నాను. దినమునకు 20 నిమిషములు సొంత పుస్తకమునకు వంతుగా నిర్ణయింపుడు. దినమునకు 10 పుటలు సాగినను నెలకు 300 పుటలగును. ఒక మోస్తరు గ్రంథము పూర్తియగును. పరీక్షకు చదువవలసినది ముక్కలుగ బస్సులో సాగవచ్చును. ఈ వంతును మాత్రము ఇంట, మీ మనసు మేలుకొనియున్న వేళ నుంచుకొనుడు. నిద్ర ముంచుకొనివచ్చు గడియలో నిచ్చినచో మరల మిగులునే యిచ్చినట్లు.

ఆ వేళను ఇంటివారికి ముందుగ చెప్పుడు. పాఠ్యపుస్తకము నడుమ కథల పుస్తకము దాచి చదువుట కొందఱి యలవాటు. దాచినంతకాలము అది దొంగతనముగనే యుండును. చెప్పి తీసికొన్ననాడు హక్కగును. కాలము తీఱగానే లేచి పనిలోనికి వచ్చినచో అత్తగారికి నమ్మకము కుదురును. భర్తకు చెప్పవలసినది వేఱొకటి. ఆ 20 నిమిషములు పొయ్యియో, బిడ్డయో ఆయన చూచుకొనవలెను. “చదువుకో, ఎవరు వలదనిరి?” అను మాట మాత్రము సాయము కాదు.

కూరలు తఱుగుచు, చింతపండు గింజలు తీయుచు వినుటయు చదువే. మన పల్లెలలో మధ్యాహ్నవేళ ఒకరు భారతము చదువుచుండగా మిగిలినవారు వత్తులు చేయుచు వినెడివారు. నాకు భారతము అట్లే యబ్బినది. బియ్యము బాగుచేయుమన్న అత్తగారి ప్రక్కన కూర్చుండి ఆ కథను పైకి చదివి చూడుడు. మఱునాడు “తరువాత నేమైన” దని ఆమెయే యడుగవచ్చును. పెద్ద కుమార్తె యున్నచో ఆమె చేత చదివింపుడు. తల్లి పరీక్షకు మాత్రమే చదువుట చూచిన బిడ్డ, పుస్తకము పరీక్ష కొఱకేనని నేర్చును.

ఈ వంతు సాగని దినములును కలవు. పురిటి బిడ్డ చేతనున్నప్పుడు, పెద్దలు మంచమున పడినప్పుడు, పరీక్షలు నెత్తిమీదికి వచ్చినప్పుడు పుస్తకము మూయవలసినదే. అందులకు మనసు కష్టపెట్టుకొనకుడు. వేసవిలో కాలువలును కట్టివేయుదురు. తొలకరికి మరల వదలుదురు. మీరును మూసిన పుటలో గుర్తుంచి, తెఱచు దినమును గోడపంచాంగమున వ్రాసికొనుడు.

ఈ నెల ఏ పుస్తకమునకు వంతు ఇచ్చితిరో, ఇంట నెవరు సాయపడిరో, ఎవరు అడ్డుపడిరో నాకు వ్రాయగోరెదను. అడ్డుపడినవారిని గుఱించి సంకోచింపక వ్రాయుడు. వారి పేర్లు ఇచ్చట ప్రకటింపను.