పొడి అక్షరాల్లో తప్పిపోయే మనుషులు

విజయవాడ కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా ఏర్పడింది. జిల్లాల పేర్లను తెలుగు అక్షరక్రమంలో పేరిస్తే అది ‘ఎ’లో వస్తుంది. ఎవరి పేరు పెట్టారో ఆ నందమూరి తారక రామారావు మాత్రం ‘న’లో ఉంటారు. ఇంగ్లీషు జాబితాలో ఈ ఎడం రాదు, రెండూ ఒకే అక్షరం కిందికి వస్తాయి.

ఇంగ్లీషు పొడి అక్షరాలను తెలుగులో రాసి వరసపెడితే వచ్చే చిక్కు ఇదే. ఎం, ఎన్, ఎల్, ఎస్ అన్నీ ‘ఎ’లో పోగుపడతాయి, ఆర్ ‘ఆ’లోకి పోతుంది. కానూరి లక్ష్మణరావును కె.ఎల్. రావు అని రాసినా పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరుందని తెలిసినవాళ్లు పోల్చుకుంటారు. ఎం. వెంకటేశ్వరరావు అనే రైతును ఎవరు పోల్చుకుంటారు? మాగంటివారా, మండవవారా, ముసునూరివారా? ఏ ఇంటివాడో చెప్పే ముక్కే ఎగిరిపోయింది. కృష్ణా డెల్టాలో వెంకటేశ్వరరావు లేని ఊరు అరుదు.

ఈ చిక్కు గ్రంథాలయం బీరువాతో పోయేదైతే ఇంత పట్టుబట్టను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంచాల్సిన ఇండెక్సులను చెబుతుంది. ఒకటో నంబరుది పేర్లది: దస్తావేజు రాసిచ్చినవారు, రాయించుకున్నవారు. రెండోది ఆస్తుల వివరాలది. పొలం కొనేవాడు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి ధైర్యం తెచ్చుకునేది వీటి మీదే. సర్వే నంబరు తెలియని పాత దస్తావేజు వెతకాలంటే పేరొక్కటే దారి.

ఈ చిక్కుకు విరుగుడు గ్రంథపాలకులకు ఎప్పటినుంచో తెలుసు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. అయ్యంకి వెంకట రమణయ్య, పాతూరి నాగభూషణం లాంటివారు గ్రంథాలయ ఉద్యమానికి జీవితాలు ధారపోశారు. మంచి కేటలాగులో ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అన్న కార్డు తీస్తే ‘విశ్వనాథ సత్యనారాయణ చూడు’ అని ఉంటుంది. ఏ వైపునుంచి వచ్చినా మనిషి దొరకాలన్నది అక్కడి నియమం. రెవెన్యూ రికార్డుకు ఆపాటి మర్యాద ఎందుకు లేదు?

అందరికన్నా నష్టపోయేది ఆడవాళ్లు. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన అరెకరం దస్తావేజులో పుట్టింటిపేరు, పాసుపుస్తకంలో మెట్టినింటిపేరు, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం. ఆ ముగ్గురూ తానేనని ఆమె అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. ఇది ఆమె తప్పు కాదు. గడి ఇవ్వని ఫారానిది.

ఇంటిపేరు తెలుగులో పూర్తిగా ఒక గడిలో, సొంతపేరు మరో గడిలో, మునుపటి ఇంటిపేరు మూడో గడిలో ఉండాలి. ఏ గడితో వెతికినా అదే ఖాతా తెరుచుకోవాలి. సున్న సంగతి కూడా తేల్చాలి: బడి అక్షరమాలలో ‘అం’ అచ్చుల చివర ఉంటుంది, నిఘంటువుల్లో ‘అంకము’ మొదటి పేజీల్లోనే కనిపిస్తుంది. శాఖకో వరస పనికిరాదు.

భూముల రీసర్వే జరిగే ఊళ్లలో సిబ్బంది ఎలాగూ పొలం గట్టుదాకా వస్తున్నారు. పట్టాదారు ఆడమనిషైతే పుట్టింటిపేరు కూడా అడిగి రాసుకోమనండి.