చెప్పడం రాక కాదు, వినేవాళ్లు లేక



రెండేళ్లుగా మా అమ్మకి రాత్రిళ్లు నిద్ర లేదు. పడుకుంటే చాలు, పిక్కల లోపల పురుగులు పాకినట్టు ఉంటదంట. లేచి వాకిట్లో తిరిగితే తగ్గుద్ది, పడుకుంటే మళ్లీ మొదలు. ఆర్ఎంపీ బలం సూది వేశాడు. మైదానంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే నొప్పి బిళ్లలు రాసి, "మీ వాళ్లకి జబ్బు చెప్పుకోవడం రాదు" అన్నారు.

చెప్పడం రాక కాదు సార్, మీకు వినే ఓపిక లేక! కాళ్లు కదపాలనే ఆరాటం, కదలకుండా ఉంటే పెరగడం, నడిస్తే తగ్గడం, రాత్రిపూట ఎక్కువవడం. అమ్మ చెప్పిన ఈ నాలుగే ఆ జబ్బు ఆనవాళ్లు. పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. స్వీడన్ డాక్టర్ ఎక్‌బోమ్ 1945లోనే వివరంగా రాశాడు. దీన్ని పట్టుకోడానికి స్కానింగ్ కాదు, ముందు నాలుగు ప్రశ్నలు కావాలి. తర్వాత ఫెర్రిటిన్ రక్త పరీక్ష. ఒంట్లో ఐరన్ నిల్వ తగ్గితే ఈ జబ్బు ముదరొచ్చు. హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ తక్కువ ఉండొచ్చు.

అందుకే విశాఖ పరుగెత్తే ముందు దగ్గర్లో ఉన్న డాక్టర్నే అడగండి: ఇది రెస్ట్‌లెస్ లెగ్సా? ఫెర్రిటిన్ చూస్తారా? ఇప్పుడు వాడుతున్న జలుబు, వాంతుల, డిప్రెషన్ మందుల వల్ల పెరుగుతోందా? విసుక్కోకుండా జవాబు చెప్పినవాళ్లే మనకి పెద్ద డాక్టర్లు. ఐరన్ బిళ్లలు మాత్రం సొంతంగా మింగొద్దు. సికిల్ సెల్ ఉంటే పరీక్ష లేకుండా అసలే వద్దు.

రక్తహీనత మన గూడేలకి కొత్త కాదు. మరి ఫెర్రిటిన్ పరీక్ష కోసం కొండ దిగడమెందుకు? మన ఏజెన్సీ ఆసుపత్రుల్లోనే చేయాలని ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెడదాం. ఎవరెవరు వస్తారు?

జై ఆదివాసీ!