వాడ నుంచి మందిరం దాకా – 7: ‘ప్రార్థనలో పెట్టినాం మేడమ్’

పోయిన శనివారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఒకమ్మాయి వచ్చింది. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. హైదరాబాదులో ఎమ్మే సీటొచ్చింది. వాళ్ల ఆదిఆంధ్రవాడలో డిగ్రీ దాటి చదివిన ఆడపిల్ల ఇంతవరకు లేదు. ఫీజు కట్టి సీటు నిలుపుకోవడానికి ఇంకా ఆరు రోజులుంది.

“కట్టేసినావా?” అన్నాను.

“లేదు మేడమ్. ప్రార్థనలో పెట్టినాం.”

“ఎవరు పెట్టినారు?”

“మా నాయన అయ్యగారిని అడిగినాడు. మూడు దినాలు ఉపవాసముండి చెప్తామన్నారు.”

“చెప్పినారా?”

తల వంచుకుంది. “దేవుడు ఇంకా తలుపు తెరవలేదంట మేడమ్.”

సీటొచ్చింది. హాస్టల్ ఉంది. పిల్లకు పోవాలని ఉంది. దేవుడు ఇంకా ఏ తలుపు తెరవాలో నాకు అర్థం కాలేదు. ఆ పిల్లను అడగలేకపోయాను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందే ఒక మాట. ఇది ప్రార్థన మీద రాస్తున్న పోస్టు కాదు. నాకు అక్షరాలొచ్చింది సండే స్కూల్లో. మా అమ్మ ఇప్పటికీ తెల్లారి నాలుగింటికి లేచి మోకరిస్తుంది. కూలికి పోయే ముందు ఆ అరగంటే ఆమె సొంతానికి మిగిలిన సమయం. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేసే విప్లవ మిత్రులతో నాకు వేరే పేచీ ఉంది, అది ఇంకోరోజు. ఈరోజు పేచీ మన ఇంట్లోవాళ్లతోనే.

మన సంఘాల్లో ఏ సంగతులు ‘ప్రార్థనలో పెడతారో’ ఎప్పుడైనా గమనించారా? నాకు తెలిసిన ఒక మందిరంలో కొత్త సౌండ్ సిస్టమ్ కొనాలని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అనుకున్నారు. సాయంత్రానికి చందా పోగయింది. ఎవరూ ఉపవాసం ఉండలేదు. స్లాబు వేయడానికి, స్వస్థత కూటాలకు బయటి ప్రసంగీకుణ్ణి పిలవడానికి కూడా దేవుని చిత్తం వెంటనే తెలిసిపోతుంది. అదే ఆడపిల్ల పై చదువు, మాల పిల్ల మాదిగ పిల్లవాణ్ణి చేసుకుంటాననడం, ఊళ్లో వాళ్లు కలుపుకున్న డీకేటీ భూమి, కొట్టినవాడి మీద కేసు అయితే దేవుడు మౌనంగా ఉంటాడు. లేదా ‘కనిపెట్టు’ అంటాడు. తాలూకాఫీసులో ‘ఫైలు పరిశీలనలో ఉంది’ అన్న మాటకూ, మన మందిరంలో ‘ప్రార్థనలో ఉంది’ అన్న మాటకూ తేడా లేకుండా పోయింది.

మా చిన్నాన్న సంగతి చెప్తాను. ఆయనకు ప్రభుత్వమిచ్చిన రెండెకరాల డీకేటీ పట్టా ఉండేది. పక్క పొలం ఆయన గట్టు జరిపి మామిడి మొక్కలు నాటినాడు. చిన్నాన్న సంఘ పెద్దల దగ్గరికి పోయినాడు. పగ తీర్చేది ప్రభువు పని, నువ్వు కనిపెట్టు అన్నారు. పదకొండేళ్లు కనిపెట్టినాడు. తోట కాపుకొచ్చింది. లారీలో కాయలు ఫ్యాక్టరీకి పోతా ఉంటే మా చిన్నాన్న అదే తోటలో కూలికి కాయలు కోసినాడు. అసైన్డ్ భూమిని కొన్నా చెల్లదని, ఆక్రమించినవాణ్ణి ఖాళీ చేయించి పట్టాదారుకు తిరిగి అప్పగించే అధికారం రెవెన్యూవాళ్లకు ఉందని 1977 నాటి చట్టం చెప్తుంది. మా చిన్నాన్నకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక అర్జీ రాసిచ్చే మనిషి కావాల్సిన చోట ఒక వాక్యం చెప్పే మనిషి దొరికినాడు.

ఇప్పుడు బైబిల్లోకే పోదాం. సంఖ్యాకాండం 27వ అధ్యాయం. సెలోపెహాదు అనే ఆయన కొడుకుల్లేకుండా చచ్చిపోయాడు. ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి భూమి వాళ్లకు రాదు, ఆచారం అది. వాళ్లు ఇంట్లో కూచుని కనిపెట్టలేదు. ప్రత్యక్షపు గుడారం ముందు, మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి మా భూమి మాకివ్వండని అడిగారు. మోషే ఆ సంగతి దేవుని ముందు పెట్టాడు. ఆ ఆడవాళ్లు చెప్పింది న్యాయమేనని దేవుడన్నాడు. చట్టమే మారింది. వరస గమనించండి. ముందు అడగడం, తర్వాత నడిపింపు. వాళ్లు అడక్కపోయుంటే మోషేకు దేవుణ్ణి అడగాల్సిన పనే ఉండేది కాదు.

లూకా 18 కూడా తీయండి. విసుగు లేకుండా ప్రార్థన చేయడమెట్లాగో చెప్పాలనుకున్నాడు ఏసు. దానికి ఎవర్ని ఎంచుకున్నాడు? దేవాలయంలో మోకరించిన భక్తుణ్ణి కాదు. దేవుడికీ మనుషులకూ భయపడని ఒక జడ్జి దగ్గరికి, నాకు న్యాయం చెయ్యమని మళ్లీ మళ్లీ పోయిన ఒక విధవరాలిని. ఈ ఉపమానం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాను. ఆమె పోయింది కోర్టుకని గుర్తు చేసిన ప్రసంగం ఒక్కటీ వినలేదు.

తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి జాషువా దగ్గరికి రాకుండా ఉండలేను. ‘గబ్బిలం’లో అరుంధతీయుడు గుడిలోకి పోలేడు. గబ్బిలం పోగలదు. దాన్ని కాశీకి, విశ్వేశ్వరుడి దగ్గరికి పంపుతాడు. నన్నేం చెయ్యమంటావు స్వామీ అని దారి అడగడానికి కాదు, నా గతి ఇట్లా ఎందుకుందని నిలదీయడానికి. రాసినాయన క్రైస్తవుడు. మన సాహిత్యంలో నాకు తెలిసినంతలో దళితుడి గొప్ప ప్రార్థన ఒక ఫిర్యాదు.

చరిత్రలో కూడా అంతే. మన నాయుడుపేటకు 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ వచ్చింది. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి మూలం అదే. దాదాపు అదే కాలంలో ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఇరకాటంలో పడ్డాడు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మేం నీ దగ్గరికి రామని ఊరి పెద్దకులాల వాళ్లు తేల్చేశారు. ఏం చెయ్యాలో తోచక ఆయన ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ప్రార్థన చేసి బైబిలు తెరిచారని, ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని ఆయన ఆత్మకథ చెప్తుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఎంచుకున్నాడనే భాగం. మనం డిసెంబరు 31 రాత్రి వాగ్దానం కార్డు తీసేటట్టే ఉంది కదా! ఈ కథను సాక్ష్యంగా చాలామంది చెప్తారు. సగమే చెప్తారు.

చెప్పని సగం ఇది. క్లౌ బైబిలు తెరిచేనాటికే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ మనిషి తన ఊరి నుంచి నడిచొచ్చి బాప్తిస్మం తీసుకుని, తిరిగిపోయి తనవాళ్లకు చెప్తున్నాడు. దొర ఏ గదిలో ప్రార్థన చేస్తాడో, ఏ పేజీ తెరుచుకుంటుందో అని ఆయన ఆగలేదు. పేరయ్య తలుపు కొట్టాడు కాబట్టే క్లౌకు ఆ ప్రశ్న పుట్టింది. ఆ తర్వాత చేరినవాళ్లకు పెట్టిన నియమాలు మూడు: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. వెట్టి చేసే మనిషి కోతలప్పుడు ‘ఈరోజు రాను దొరా’ అనడం అంటే ఏమిటో ఆలోచించండి. ఊళ్లకు ఊళ్లు వాళ్ల మీద కక్ష కట్టాయి. అయినా 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన అవ్వతాతలకు దేవుని నడిపింపు అంటే ఆదివారం సమ్మె. మనకు ఆదివారం మూడు గంటల ఆరాధన, సోమవారం మళ్లీ అదే దొర చేను.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్లుంటారు. “మేడమ్, మీకు జీతం వస్తాది. వాడలో ఉండేవాళ్ల భయం మీకేం తెలుసు?” న్యాయమైన మాట. అయ్యగారు కూడా మన వాడ మనిషే. కానుకల మీద బతుకుతాడు. ఊరితో తగువొస్తే ముందు ఆయన మందిరానికే కరెంటు పోతుంది. భయానికి కారణాలు నిజమైనవే. అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేసిన ఒక పాస్టరు కేసును 2025 ఏప్రిల్ 30న మన రాష్ట్ర హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవంలోకి పోయినవాడికి ఎస్సీ హోదా ఉండదు, ఆ చట్టం రక్షణా ఉండదు అంది. దాని వెనక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ పేరా సడలింది, మనకు సడలలేదు. ఈ రాష్ట్రంలో దళిత క్రైస్తవుడంటే బీసీ–సీ, ఒక్క శాతం. కాబట్టి స్టేషన్ మెట్లెక్కితే సర్టిఫికెట్ పోతుందేమో అని వణికేవాణ్ణి నేను పిరికివాడనను.

కానీ ఆ భయాన్ని భయమనే చెబుదాం. దానికి దేవుని చిత్తమని పేరు పెట్టొద్దు. ‘నాకు భయమేస్తాంది’ అంటే పక్కన నలుగురు నిలబడొచ్చు, ఒక వకీలును వెతకొచ్చు, సంఘమంతా కలిసి పోవచ్చు. ‘దేవుడు వద్దన్నాడు’ అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. దేవుడితో ఎవరు వాదిస్తారు? నష్టపోయినవాడి నోరు మూయించి, నష్టం చేసినవాడికి నిద్ర పట్టించే మాట అది. ఆ పాస్టరును చూడండి. కోర్టులో ఓడినా సరే, ప్రార్థన చేసి ఊరుకోలేదు, ఫిర్యాదు చేసినాడు.

ఇంకో సంగతి. ఆ చట్టం కింద ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లో 18ఎ సెక్షన్ చేర్చారు. దర్యాప్తు ముగించి చార్జిషీటు వేయడానికి 60 రోజులు గడువు పెట్టారు. అంటే డీఎస్పీకి గడువుంది. మన అయ్యగారి ప్రార్థనకు మాత్రం గడువు లేదు. ఆలోగా గాయాలు మానతాయి, సాక్షులు జారుకుంటారు. ఫిర్యాదు ఇంత ఆలస్యంగా ఎందుకిచ్చారని అవతలి వకీలు అడుగుతాడు. ప్రార్థనలో ఉన్నామంటే కోర్టు రాసుకోదు.

విద్యార్థి మిత్రులారా, మీ ఇంట్లో ఈసారి ‘ప్రార్థనలో పెట్టినాం’ అన్న మాట వినపడితే ప్రార్థన వద్దనకండి. మూడు ప్రశ్నలు అడగండి.

దేవుని మాట విన్నది ఎవరు? ఆ నిర్ణయాన్ని మోయాల్సిన మనిషేనా, ఇంకొకరా?

జవాబు ఏ తేదీలోగా వస్తుంది? తేదీ లేకపోతే అది నిర్ణయం తీసుకోవడం కాదు, వాయిదా వేయడం.

వచ్చిన జవాబు వల్ల బాగుపడేది ఎవరు? ప్రతిసారీ ఊరికే లాభం, వాడకే నష్టం వస్తుంటే ఆ గొంతు ఎవరిదో మళ్లీ వినండి.

ఈ పోస్టు సగం రాసి ఉండగా నిన్న రాత్రి ఆ పిల్ల ఫోన్ చేసింది. ఫీజు కట్టేసిందంట. డబ్బెక్కడిదంటే వాళ్ల అవ్వ కమ్మలు తాకట్టు పెట్టింది. అయ్యగారు చెప్పింది విన్నాక కూడానా అని నేను ఆశ్చర్యపోయాను.

“మా అవ్వ అనింది మేడమ్, ‘నేను గూడా మోకరించినా గదా, నాకు పొమ్మనే వినపడింది’ అని.”

వాళ్ల నాయన మాత్రం ఇంకా మాట్లాడడం లేదు. వచ్చే వారం వెంకటాద్రికి టికెట్టు. స్టేషన్‌కు ఎవరొస్తారో తెలీదు. నేను పోతాను.

వచ్చే భాగంలో సర్టిఫికెట్ సంగతి: మందిరంలో ఒక పేరు, కాలేజీ రిజిస్టరులో ఇంకో పేరు.