కారు మీద గీత పడితే జీతంలో కోతేనా?

యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే యజమానికి ఒక్కో కార్మికుడి లెక్కన 5,000 దిర్హాముల జరిమానా. ఈ నియమం అనగానే అందరికీ బిల్డింగ్ పనివాళ్లే గుర్తొస్తారు. ఎండలో కార్లు కడిగే మీకూ అది వర్తిస్తుంది.

మీ పనిలో దీనికి ఇంకో సంగతి కూడా ముడిపడి ఉంది. ఎండకు కాలిన కారును ఎంత కడిగినా శుభ్రంగా కనబడదు. బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే తుడిచేలోపే నురగ ఎండిపోతుంది, నీటి చుక్కలు తెల్ల మచ్చలవుతాయి. సాయంత్రం కస్టమర్ వచ్చి సరిగ్గా కడగలేదంటాడు. సూపర్‌వైజర్ మీ పేరు రాసుకుంటాడు. నీడ వేయనిది యజమాని, కోత పడేది మీ జీతంలో.

గీతల సంగతీ అంతే. ఇక్కడి దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే అది గరుకు కాగితంలా పెయింట్‌ను గీకుతుంది. నల్ల కార్ల మీద లైటు పడినప్పుడు సాలెగూడులా కనిపించే గీతలు చాలావరకు అలా వచ్చినవే. ముందు పైనుంచి కిందికి నీళ్లు కొట్టి ఇసుకను జార్చాలి. ఒక బకెట్‌లో షాంపూ, ఇంకో బకెట్‌లో ఉత్త నీళ్లు ఉండాలి. గుడ్డను నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. చక్రాల గుడ్డ వేరు. కింద పడ్డ గుడ్డతో బాడీ ముట్టుకోవద్దు. మైక్రోఫైబర్ గుడ్డలు ఉతికేటప్పుడు సాఫ్ట్‌నర్ వేయొద్దు, వేస్తే నీళ్లు పీల్చవు.

ఇదంతా మీకు తెలియక కాదు. ఒక్క బకెట్, నాలుగు గుడ్డలు ఇచ్చి తెల్లారేలోపు పార్కింగ్‌లో కార్లన్నీ అయిపోవాలంటే పని తెలిసినోడు మాత్రం ఏం చేస్తాడు? అందుకే రెండో బకెట్, సరిపడా గుడ్డలు కావాలని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి అడగండి. నోటితో అడిగితే రుజువు ఉండదు. కడిగే ముందే కారు మీద పాత గీతలుంటే ఫోటో తీసి సూపర్‌వైజర్‌కు పంపండి. అర నిమిషం పని.

ఇక కోత. 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం శిక్షగా కోసేది నెలకు ఐదు రోజుల జీతం దాటకూడదు. యజమాని సామాను పాడుచేశారని పట్టుకునేదానికీ అదే హద్దు, కోర్టు ఒప్పుకుంటే తప్ప. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం మించకూడదు. శిక్ష వేసే ముందు తప్పేంటో కాగితం మీద చెప్పాలి, మీ మాట వినాలి. "కంప్లైంట్ వచ్చింది, 200 కట్" అనేసి ఊరుకుంటే కుదరదు. ఫిర్యాదుకు కార్మిక శాఖ నంబర్ 80084. ఇంటి వీసా మీద డ్రైవర్‌గా ఉండి కారు కూడా కడిగేవాళ్లది మాత్రం వేరే చట్టం, ఈ లెక్కలు వాళ్లకు పెట్టుకోవద్దు.

ఊళ్లో ఉన్న ఇంటివాళ్లకూ ఒక మాట. ఒక నెల డబ్బు తక్కువొస్తే "ఎందుకు తగ్గింది" అని ఊరుకోకుండా ఎంత పట్టుకున్నారు, దేనికి పట్టుకున్నారు, కాగితం ఇచ్చారా అని అడగండి. ఇవ్వలేదంటే ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ఫోటో మీ ఫోన్‌లోనూ దాచండి.