పెంకుటిల్లు అమ్మబడును: ఎవరికి?

సారపాకలో పాతకాలపు పెంకుటిల్లు, చుట్టూ అయిదెకరాల చేను, బావి, మామిడిచెట్లు, కనుచూపు మేరలో గోదావరి, వంతెన దాటితే భద్రాద్రి రాముడు. ఈ తీరు ప్రకటనలు చదివినప్పుడు నగరజీవులకు మనసు చెదరడం సహజమే. నాకూ చెదిరింది, ఎందుకు దాచాలి? అయితే బావి లోతు సైతం రాసే ఈ ప్రకటనకర్తలు ఒక్క ముక్క మాత్రం రాయరు: ఆ ఇల్లు గిరిజనేతరుడు కొనరాదు.

సారపాక ఉన్న బూర్గంపహాడ్ మండలం ఏజెన్సీ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన చట్టమే జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’. దాని ప్రకారం అక్కడి స్థిరాస్తిని గిరిజనునికో, గిరిజనులే సభ్యులైన సహకార సంఘానికో తప్ప అమ్మరాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా అంతే. స్థిరాస్తి అంటే మట్టి ఒక్కటే కాదు. చెట్లూ, నిలిచిన పైరూ అందులోవే. కనుక “భూమి జోలికి పోము, ఇల్లూ తోటా మాత్రమే” అనే తెలివి అక్కడ చెల్లదు. ఇక నోటరీ కాగితం, దీర్ఘకాలపు లీజు, గిరిజనుని పేర బినామీ వంటి ‘మార్గాల’ను సలహాగా చెప్పే పెద్దమనుషులున్నారు. లీజూ బదలాయింపే, బినామీ కొనుగోలూ నిషిద్ధమే. 1978 సవరణతో ఉల్లంఘన శిక్షార్హమైన నేరం కూడా అయింది.

“తాతలనాటి నా ఇల్లు నేనమ్ముకోకూడదా?” అని యజమాని అడుగుతాడు. ఆ బాధ అబద్ధమని నేననను. కానీ వారసత్వానికీ, పంపకానికీ ఆ చట్టం అడ్డు రాదు. గిరిజనుడెవడూ కొనకుంటే ప్రభుత్వమే తీసుకొనేలా ఏజెంటుకు దరఖాస్తు పెట్టుకొనే వీలూ అందులోనే ఉన్నది. ఆ ధర నగరపు ధర కాదు గనుకనే ఈ ప్రకటనలు పుట్టుకొస్తున్నాయి! ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలోని భూమి మొదట గిరిజనునిదే అయి ఉంటుందని, కాదని రుజువు చేసుకొనే భారం అతనిదేనని చట్టం భావిస్తుంది. అప్పు కింద ఒకసారి చేయి జారిన చెలక, ఆ పైన గిరిజనేతరుల మధ్యనే చేతులు మారుతూ పోతే కోయవానికి తిరిగి దక్కేదెప్పుడు? ఆ సవరణ చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

పైగా ఇది నిన్న మొన్నటి ఆంక్ష కాదు. ఆవలి ఒడ్డు భద్రాచలం మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నప్పుడే, 1917లో, ఏజెన్సీ భూముల బదలాయింపుపై చట్టం వచ్చింది.

ఇక గోదావరి దృశ్యమంటారా, అది నిజమే. భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 1986 ఆగస్టులో నీరు 75 అడుగులు దాటింది, 2022 జూలైలో 71 దాటింది. ఆ మాటా ప్రకటనలో కనబడదు.