మలివయసులో వచ్చిన అతిథి

గత మాసం ఈ శీర్షికలో పెరటి మొక్కల సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాము. ఈ మాసం మా ఇంటిలోని ఒక వృద్ధురాలిని పాఠకులకు పరిచయం చేయదలచాము. ఆమె పేరు చుక్కమ్మ. నుదుట నల్లని మచ్చ గల తెల్లని పిల్లి. వయసు 16 సంవత్సరాలు, అనగా మానవుల లెక్కలో ఇంచుమించు 80.

2022 జూన్ మాసంలో మా పక్క క్వార్టరు వారు పదవీ విరమణ పొంది, కుమారుని వద్దకు ప్రయాణమైనారు. అక్కడి అద్దె ఇంటి యజమాని పిల్లిని తీసుకురావలదని ఖండితంగా చెప్పివేశాడు. పదమూడేళ్ళు తమ గుమ్మంలో పెరిగిన ప్రాణిని టౌన్‌షిప్ గేటు వద్ద విడిచి వెళ్ళడానికి ఆ దంపతులకు మనసు ఒప్పలేదు. వారి అవస్థ చూసిన మా అమ్మగారు, "ముసలిదాన్ని ఈ ముసలిదాని దగ్గర ఉండనివ్వండమ్మా, ఒకరికొకరం తోడుంటాం" అన్నారు. ఆ విధంగా చుక్కమ్మ మా ఇంటి మనిషి అయింది.

వచ్చిన కొద్ది వారాలకే కొన్ని సంగతులు మా దృష్టికి వచ్చాయి. రెండింతలు తింటున్నప్పటికీ చిక్కిపోతున్నది. గిన్నెలు గిన్నెలుగా నీరు త్రాగుతున్నది. నోటి నుండి దుర్వాసన. కిటికీ అరుగు మీదికి ఎక్కబోయి, వెనుక కాలు సహకరించక ఆగిపోతున్నది. ఇదంతా వయోధర్మమని సరిపెట్టుకున్నాము. ఒకనాటి రాత్రి కుంటుతూ మూలుగుతుంటే, జాలిపడి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రలో సగం విరిచి చేత పట్టుకున్నాము కూడా. ఎందుకైనా మంచిదని పశువైద్యురాలికి ఫోను చేయడం మా అదృష్టం. "వెంటనే ఆ మాత్ర పక్కన పెట్టండి. మనకు మందే, పిల్లికి మాత్రం విషం" అని ఆమె హెచ్చరించారు. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి చాలదు. దానితో రక్తం ప్రాణవాయువును మోసే సామర్థ్యాన్ని కోల్పోతుంది. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. పిల్లులను పెంచే పాఠకులు ఈ ఒక్క సంగతి జ్ఞాపకం ఉంచుకున్నా ఈ వ్యాసం సార్థకమే.

మరునాడు రక్తము, మూత్రము, రక్తపోటు పరీక్షలు జరిగాయి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నది. రక్తపోటు 185కు చేరింది. అది అలాగే కొనసాగితే కంటి వెనుక పొర ఊడి, ఉన్నట్టుండి చూపు పోయే ప్రమాదం ఉన్నదట. దంతాల చిగుళ్ళు చెడిపోయాయి, కీళ్ళు అరిగాయి. మూత్రపిండాల స్థితిని తెలిపే క్రియాటినిన్ మాత్రం 1.4 వద్ద సవ్యంగానే ఉన్నది. మేము సంతోషించబోతే డాక్టరు గారు వారించారు. "ఈ అంకెను ఇప్పుడే నమ్మవద్దు. థైరాయిడ్ అదుపులోకి వచ్చాక మళ్ళీ చూద్దాం" అన్నారు.

ఆమె మాటే నిజమైనది. థైరాయిడ్ మాత్రలు ఆరంభించిన నెల రోజులకు క్రియాటినిన్ 2.6 అయింది. మందే మూత్రపిండాలను పాడు చేసిందని మేము ఒకింత నిష్ఠురంగానే మాట్లాడాము. ఆమె ఓపికగా బోధపరచారు. థైరాయిడ్ ఉద్ధృతిలో మూత్రపిండాలకు రక్తం అధికంగా ప్రవహిస్తుంది, కండ కరిగిపోవడం వలన క్రియాటినిన్ ఉత్పత్తి కూడా తగ్గుతుంది. అందుచేత లోపల ఉన్న జబ్బు పరీక్షలో కనబడదు. థైరాయిడ్ నెమ్మదించగానే అది బయటపడుతుంది. అలాగని థైరాయిడ్‌ను విడిచిపెడితే గుండె, మూత్రపిండాలు రెండూ మరింత దెబ్బతింటాయి. ఆమె మందు మోతాదును సరిచేసి, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వ్రాశారు. మా అమ్మగారు వేసుకునేదీ ఆ మందే. మోతాదు మాత్రం వేరు గనుక రెండింటినీ వేరువేరు డబ్బాలలో, వేరువేరు అరలలో ఉంచుతున్నాము. "నీకూ నాకూ ఒకటే మాత్ర వచ్చిందే చుక్కమ్మా" అని మా అమ్మగారు నవ్వుకుంటారు.

ఆహార విషయమై మా ఇంట చిన్న సంకటం ఏర్పడింది. మాది శాకాహార కుటుంబం. చుక్కమ్మకు పెరుగన్నమే పెడుతూ వచ్చాము. పిల్లి స్వభావసిద్ధంగా మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని దాని శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు, మాంసం నుండే పొందాలి. అది లోపిస్తే గుండె, చూపు దెబ్బతింటాయి. ఈ మాట విని ఒక పూటంతా ఆలోచించిన మా అమ్మగారు, "నా నియమం నాది, దాని ఆకలి దానిది" అని వరండాలో ఒక పళ్ళెం వేరుగా కేటాయించారు. మూత్రపిండాల జబ్బు గల పిల్లుల కొరకు భాస్వరం తగ్గించి తయారు చేసే తడి ఆహారం నాటి నుండి మా ఇంటికి వస్తున్నది.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న దంతాలది. పుచ్చిన పళ్ళు తీయాలంటే మత్తు ఇవ్వాలి. మత్తులో రక్తపోటు పడిపోతే మూత్రపిండాలకు ప్రమాదం. తీయకుంటే నొప్పికి తిండి మానేస్తుంది. పిల్లి రెండు మూడు రోజులు నిరాహారంగా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణానికే ముప్పు. ఎటు చూసినా భయమే. రక్తపోటు, థైరాయిడ్ కుదుటపడేవరకు మూడు నెలలు వేచి, ఆ పిమ్మట సెలైను ఎక్కిస్తూ నాలుగు పళ్ళు తీశారు. ఆ సాయంత్రం వరకు మా ఇంట ఎవరికీ ముద్ద దిగలేదు. మూడవనాడు చుక్కమ్మ తానై వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నది.

ఈ అనుభవంలో మేము గ్రహించినది ఒక్కటే. అనేక వ్యాధులున్న ప్రాణికి ఒక్కొక్క వ్యాధిని విడిగా చూసి వైద్యం చేయరాదు. ఒకదానికి మేలు చేసేది మరొకదానికి కీడు చేయవచ్చు. కనుక వైద్యులు ఒకరే ఉండాలి; వ్రాతపుస్తకం ఒకటే ఉండాలి. మా అమ్మగారి పుస్తకంలో తిన్నది, త్రాగినది, విసర్జించినది, మాత్ర వేసిన వేళ నిత్యం నమోదవుతాయి. ప్రతి ఆదివారం చుక్కమ్మను బుట్టలో కూర్చోబెట్టి వంటింటి డిజిటల్ కాటా మీద తూస్తాము. మూడు కిలోల ప్రాణికి వంద గ్రాముల తరుగు చిన్నది కాదు. కీళ్ళ కొరకు కిటికీ క్రింద పీట వేశాము. ఇసుక పళ్ళానికి ఒక ప్రక్క అంచు తగ్గించాము.

ఇప్పుడు మూత్రపిండాల జబ్బు నాలుగు దశలలో మూడవదానికి చేరింది. వారానికి రెండు మార్లు చర్మం క్రింద సెలైను ఇస్తున్నాము. పుస్తకం చివరి పుటలో డాక్టరు గారి సమక్షంలో మూడు వాక్యాలు వ్రాసుకున్నాము: తానై తినడం, ఒళ్ళు నాకి శుభ్రపరచుకోవడం, ఉదయపు ఎండకు కిటికీ వద్దకు రావడం. ఈ మూడింటిలో రెండు నిలిచిపోయి, వైద్యానికి మళ్ళీ రానినాడు, మా మమకారం కొరకు దానిని బాధపెట్టమని మాట ఇచ్చుకున్నాము. ఆ పుటను వ్రాసినది మా అమ్మగారే. వ్రాసేటప్పుడు ఆమె చేయి వణికింది, అక్షరాలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి.

పదవీ విరమణ పొంది క్వార్టర్లు ఖాళీ చేయనున్న మిత్రులకు మా మనవి ఒక్కటే. పెంచిన ప్రాణిని చివరి వారం వరకు దాచిపెట్టి గేటు వద్ద వదలకండి. ఆరు నెలల ముందుగానే ఇరుగుపొరుగుకు చెప్పండి. దాని వైద్య కాగితాలు కూడా అప్పగించండి. ఇక, ముసలి ప్రాణిని చేరదీయాలా వద్దా అని సంశయించే వారికి ఒక మాట. ఖర్చూ ఉన్నది, శ్రమా ఉన్నది, దుఃఖమూ తప్పదు. ఈ ఉదయం చుక్కమ్మ పీట ఎక్కి కిటికీ చేరింది. పుస్తకంలో ఆ సంగతి నమోదయింది.